గుట్ట మీద పసుపు చుక్క

నేను ముప్పై ఏళ్ళు జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. గాలి సోకింది, నీడ కనబడింది అని ఎవరైనా నా ముందు మొదలుపెడితే మధ్యలోనే ఆపి, ఆ రోజు ఏం తిన్నావు, ఎంతసేపు పడుకున్నావు అని అడిగేదాన్ని. మా చిన్నమ్మకు పూనకం వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ చేతులు జోడించి నిలబడితే, చెంబెడు చన్నీళ్ళు మొహాన కొట్టి కూర్చోబెట్టింది నేనే. మా వాళ్ళకు ఆ కోపం ఇంకా పోలేదు.

కాబట్టి ఇది దయ్యాలను నమ్మే మనిషి రాస్తున్నది కాదు. నా కళ్ళతో చూసిందీ, నా వేలికి అంటిందీ మాత్రమే రాస్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

ఎనభైల మొదట్లో సంగతి. వరంగల్‌లో మేం చదివిన యూనివర్సిటీ జువాలజీ డిపార్టుమెంటులో ఎకాలజీ విభాగమని ఒకటి ఉండేది. విభాగమంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ఒక వరండా, తోస్తే తప్ప కదలని జీపు, మా ప్రొఫెసర్ గారు, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసే మేం కొద్దిమందిమి. ఆయన్ని అందరం సార్ అనేవాళ్ళం. ఇక్కడా అలాగే రాస్తాను.

ఒక చోట ఎన్ని జంతువులున్నాయి, ఎంత దూరం తిరుగుతాయి, ఎన్నాళ్ళు బతుకుతాయి అని తేల్చడం మా పని. డిపార్టుమెంటు వెనక నల్లరాతి గుట్ట ఉండేది. దాని నిండా బండ తొండలు. వెదురు కర్ర కొసకు దారంతో ఉచ్చు కట్టి, దూరం నుంచే మెడకు తగిలించి వాటిని పట్టుకునేవాళ్ళం. కొలతలు తీసి, మెడ వెనక రంగు చుక్కలు పెట్టి, పట్టిన చోటే వదిలేసేవాళ్ళం. కొన్నాళ్ళకు పోయి మళ్ళీ పట్టుకునేవాళ్ళం. రెండోసారి చేతికి వచ్చినవాటిలో గుర్తున్నవెన్ని, లేనివెన్ని అన్నదాన్ని బట్టి గుట్ట మీద మొత్తం ఎన్ని ఉన్నాయో అంచనా తేలుతుంది.

తొండ కుబుసం విడిచినప్పుడల్లా ఆ రంగు దాంతో పాటే ఊడిపోతుంది. మహా అయితే కొన్ని వారాలు నిలుస్తుంది. అందుకని కాలి వేలి కొస కత్తిరించి శాశ్వతంగా ఉండే గుర్తు ఇంకొకటి పెట్టేవాళ్ళం. ఈ విషయం కొంచెం మనసులో పెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

సార్ ఒక్కొక్కరికి ఒక్కో రంగు ఎనామిల్ డబ్బీ ఇచ్చేవారు. నాది తెలుపు. యాదగిరి అని నాతోటివాడు ఉండేవాడు, వాడిది ఆకుపచ్చ. మా ఇద్దరికీ సీనియర్ భాస్కర్, అతనిది పసుపు. ఆ రంగులే మా పేర్లయిపోయాయి. సాయంత్రం వరండాలో చాయ్ పోసేటప్పుడు తెలుపు ఇంకా రాలేదా, ఆకుపచ్చకు చక్కెర ఎక్కువెయ్యండి అనుకునేవాళ్ళం. పీహెచ్‌డీ అయిపోయినవాళ్ళు అందరికీ మిర్చి బజ్జీలు తినిపించి, రంగు డబ్బీ సార్ చేతిలో పెట్టి దండం పెట్టాలి. మాకదే కాన్వొకేషన్.

గుట్ట మీద పనికి సార్ పెట్టిన పద్ధతులు ఉండేవి. తాజా చుక్క ఉన్న తొండ కనబడితే, ఆ జాగాలో ఎవరో అప్పటికే పని ముగించారని అర్థం. అక్కడ ఆగకూడదు, ముందుకు పోవాలి. గుర్తు లేనిది కనబడితే మాత్రం పట్టకుండా రాకూడదు. ఇంకొకటుంది. ఉచ్చు పడ్డ తొండ దారంతో సహా ఏ సందులోకో దూరితే, ఎంత కష్టమైనా దాన్ని బయటికి తీసి ఉచ్చు విప్పాలి. లేకపోతే అది గొంతు బిగిసి చస్తుంది. మన చదువు కోసం ఒక ప్రాణి అట్లా చావకూడదని సార్ పట్టుదల. ఈ ఒక్క విషయంలో ఆయన ఎవరినీ క్షమించేవారు కాదు.

నాకు ఉచ్చు వేయడం నేర్పింది భాస్కరే. ములుగు రోడ్డు మీద ఒక పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం అతనిది. నవ్వితే కళ్ళు రెండూ మూసుకుపోయేవి. ఎడమచేతి వాటం. చుక్క పెట్టి బ్రష్షు తీసేటప్పుడు అది కాస్త పక్కకు జారి, ప్రతి చుక్కకూ ఎడమ వైపు చిన్న తోక వచ్చేది. “భాస్కరన్న చుక్కలన్నీ తోక కప్పలే” అని యాదగిరి ఏడిపించేవాడు.

ఒక ఎండాకాలం భాస్కర్ పొద్దున్నే ఒంటరిగా గుట్టెక్కాడు. మధ్యాహ్నానికి రాలేదు. రాళ్ళు కొట్టేవాళ్ళు చూసి పరుగున వచ్చి చెప్పారు. గుట్ట పైభాగంలో నిలువునా చీలిన పెద్ద బండ ఒకటి ఉంది. ఆ చీలిక పక్కన పడి ఉన్నాడు. కుడి చేయి మోచేతి దాకా లోపలే ఉంది. మణికట్టు మీద పాము కాటు. మోసుకొచ్చి జీపులో వేస్తే, ఆ మాయదారి జీపు కదల్లేదు. అందరం తోశాం. సార్ కూడా తోశారు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

చేయి లోపల ఎందుకు పెట్టాడో మాలో ఎవరం ఎవరినీ అడగలేదు. రెండో చేతి పిడికిలిలో ఉచ్చు దారం ఉంది. అందరికీ అర్థమైంది.

సార్ పసుపు డబ్బీని తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. ఇక ముందు ఆ రంగు ఎవరికీ ఇచ్చేది లేదన్నారు. గుట్ట మీదికి ఒంటరిగా ఎవరూ పోకూడదని కొత్త నియమం పెట్టారు. కొన్ని నెలలు ఆయన మాతో కలిసి చాయ్ తాగలేదు.

వానాకాలం వెళ్ళాక స్వర్ణ వచ్చి చేరింది. ములుగు దగ్గర అడవి అంచున ఉన్న ఊరి పిల్ల. బక్కపల్చగా ఉండేది కాని బండల మీద మేకపిల్లలా ఎక్కేది. హనుమకొండ సుబేదారిలో నేను అద్దెకుంటున్న గదిలోనే తనకూ చోటిచ్చాను. దింపి వెళ్ళడానికి వచ్చిన వాళ్ళ నాయన నేనెంత చెప్పినా కుర్చీలో కూర్చోలేదు. గడప దగ్గర నిలబడే నాతో అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

“సరోజమ్మా, గీ పిల్ల మొండిది. అడవిల పెరిగింది, దేనికీ బెదరది. గదే నాకు బుగులు. నీ మీద భరోసతోని ఇడిసిపెట్టి పోతాన్న.”

నేను చూసుకుంటానన్నాను. నోటిమాటగా అనలేదు. ఆ పిల్ల నా సొంత చెల్లెలికన్నా ఎక్కువైంది నాకు. తలస్నానం చేసిన రోజు జడ వేసేది నేను, జ్వరమొస్తే కషాయం కాచేది నేను.

సార్ ఆమెకు నీలం డబ్బీ ఇచ్చారు. దాంతో పాటు గుట్ట మీద భాస్కర్ పని చేసిన భాగం కూడా ఇచ్చారు. సగంలో ఆగిన పని వృథా పోకూడదన్నారు. తోడుగా నన్ను వెళ్ళమన్నారు. మూడు నెలలు అంతా మామూలుగా నడిచింది. గుట్ట కింది భాగంలో స్వర్ణ చాలా తొండలకు నీలం చుక్కలు పెట్టింది.

చలి వెనకబడి ఎండ చురుక్కుమనడం మొదలయ్యాక ఒక పొద్దున, కొంచెం అవతల ఉన్న స్వర్ణ గుడ్డసంచీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. “అక్కా, పసుపు దొరికింది” అంది.

పాతదేదో అయ్యుంటుందని కసిరాను. అంటూనే నాకు తెలుసు, పాతది అయ్యే వీలు లేదని. సంచీలోంచి తొండను తీసి చూశాను. అప్పుడే కుబుసం విడిచింది. తోక దగ్గర పొర ముక్క ఇంకా వేలాడుతోంది. దాని కింద నిగనిగలాడే కొత్త చర్మం. ఆ కొత్త చర్మం మీద మెడ వెనక పసుపు చుక్కలు. నేను పట్టుకున్న తీరుకు ఒక చుక్క చెదిరి నా బొటనవేలికి అంటింది. టర్పెంటైన్ వాసన వచ్చింది.

కాలి వేళ్ళు చూస్తే అది స్వర్ణ అంతకుముందు నీలం పెట్టి వదిలినదే. నీలం కుబుసంతో పోయింది, పసుపు వచ్చి కూర్చుంది. చుక్కలకు ఎడమ వైపు చిన్న తోకలున్నాయి.

నాకు మొదట వచ్చింది భయం కాదు, ఒళ్ళు మండే కోపం. ఇలాంటి పరాచికాలు ఆడేవాడు డిపార్టుమెంటులో ఒక్కడే, యాదగిరి. తొండను సంచీలో వేసుకుని నేరుగా సార్ గదికి పోయాను. సార్ భూతద్దంతో చాలాసేపు చూశారు. తర్వాత లేచి బీరువా తాళం తీశారు. డబ్బీ మూత బిగుసుకుపోయి ఉంటే స్క్రూడ్రైవర్ పెట్టి లేపాల్సి వచ్చింది. లోపల రంగు ఎండిపోయి, నీళ్ళింకిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చి ఉంది. అందులో బ్రష్షు కాదు కదా, మేకు కూడా దిగదు.

యాదగిరిని పిలిచి సార్ నిలదీశారు. వాడు తొండ వంక చూసి మొహం తెల్లబోయి, గోడకు ఆనుకున్నాడు.

“సార్, భాస్కరన్న పాడె మోసిన. ఆయన రంగుతోని నేను పరాచికాలాడుతనా?” అన్నాడు. అని, మా అందరి ముందే ఏడ్చాడు.

అయినా నేను నమ్మలేదు. కాని తర్వాతి వారం సార్ వాణ్ణి వెంటబెట్టుకుని ములుగు అడవులకు క్యాంపు పోయారు. వాళ్ళు అక్కడున్న రోజుల్లోనే గుట్ట మీద ఇంకా పసుపు తొండలు దొరికాయి. తిరిగి వచ్చాక వాడికి క్షమాపణ చెప్పుకున్నాను. చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, “నువ్వు గా గుట్టకు పోకు సరోజక్కా” అన్నాడు. అంతకుముందు నన్ను అక్కా అని ఎప్పుడూ పిలవనివాడు.

సార్ మాత్రం చలించలేదు. ఈ సంగతి బయటికి పొక్కితే భాస్కర్ తల్లిదండ్రులు అల్లాడిపోతారని, ఎవరి దగ్గరా అనొద్దని చెప్పారు. పసుపు తొండ దొరికిన చోటల్లా మ్యాపులో గుర్తు పెట్టమన్నారు. మేమూ పెట్టాం. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, భయమూ వేస్తుంది. ఇంకెవరైనా అయితే కొబ్బరికాయ కొట్టించేవాళ్ళు, లేదా గుట్ట దిక్కు చూడటం మానేసేవాళ్ళు. మేం మ్యాపు గీసుకున్నాం.

పది పదిహేను గుర్తులు పడ్డాక మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. మొదటివి గుట్ట అడుగున ఉన్నాయి. ఆ తర్వాతివి వాటికి పైన. కొత్తవి ఇంకా పైన. బండ తొండ తన బండను వదిలి దూరం పోదు. అంటే చుక్క పెట్టే చెయ్యే పైకి పోతోంది. ఆ వరసలో గీత గీస్తే అది నేరుగా చీలిన బండ వైపు పోతుంది.

మ్యాపు పట్టుకెళ్ళి సార్ ముందు పరిచాను. ఈ పని ఆపించండి సార్ అని దాదాపు బతిమాలాను.

“మనిషి చేసే పనికి మనిషే కారణం సరోజా. ఎవడో దొరుకుతడు. భయపడితే వాడు గెలిచినట్టు” అన్నారు.

నిజానికి నేను ఎవరికైనా చెప్పే మాట అదే. మ్యాపు చుట్టుకుని వచ్చేశాను.

నన్ను ఎక్కువ భయపెట్టింది స్వర్ణ. ఆ పిల్లకు దిగులే లేదు. మొదట్లో వింతగా చూసింది, తర్వాత అలవాటు పడింది, ఆ తర్వాత సంతోషపడటం మొదలుపెట్టింది. పొద్దున నాకంటే ముందే తయారై చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడేది. పసుపు చుక్క కనబడగానే అక్కడ ఆగకుండా చకచకా పైకి పోయేది. సార్ నేర్పిన పద్ధతే అది. తాజా గుర్తుంటే ముందుకు పోవాలి.

ఒకరోజు అంత తొందరేమిటని కేకలేస్తే, నా వైపు తిరిగి ఎంతో మామూలుగా చెప్పింది.

“అన్న ముంగట నడుస్తాండక్కా. నేను ఎనక పోతాన్న.”

ఆమె భాస్కర్‌ని ఎన్నడూ చూడలేదు. అన్న అని ఎవరు నేర్పారని అడిగితే, అందరూ అట్లే అంటారు కదా అంది. ఆ రాత్రి నేను అన్నం సరిగా తినలేదు. వాళ్ళ నాయనకు ఉత్తరం రాసి పిలిపించాలనుకున్నాను. ఏమని రాయను? తొండలకు రంగు పడుతోంది, మీ పిల్లను తీసుకుపొమ్మని రాయగలనా?

ఆ తర్వాత ఒక పొద్దున స్వర్ణ తలస్నానం చేసింది. జడ నేనే వేశాను. మెడ వెనక చెమటకాయలు లేచి ఉంటే పౌడరు అద్దాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ పూట ఆమె మెడ వెనక ఏమీ లేదని ప్రమాణం చేయగలను. జడ మీదుగా తలకు తువ్వాల చుట్టుకుంది. ఇద్దరం గుట్టెక్కాం.

పదిగంటల ఎండ. మొదటి బండ మీదే పసుపు తొండ. పక్క బండ మీద ఇంకొకటి. దానికి కొంచెం పైన మరొకటి. అంతకుముందు రోజుకు ఒకటో రెండో కనబడేవి. ఆ రోజు పసుపు లేనిదే లేదు. మనిషి దగ్గరికి వెళ్తే తొండలు తలాడించి సందుల్లోకి పారిపోతాయి కదా. అవి కదల్లేదు. రంగు ఆరినట్టు కూడా లేదు, తడిగా మెరుస్తోంది. గాలి నిండా టర్పెంటైన్ వాసన. ప్రతిరోజూ వినిపించే రాళ్ళు కొట్టే చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు.

స్వర్ణ ఏ బండ దగ్గరా ఆగడం లేదు. చూడటం, పైకి పోవడం. నేను వెనకబడిపోయాను. ఆగమని రెండుసార్లు పిలిచాను. చేయి ఊపింది కాని ఆగలేదు.

నేను ఆఖరి బండ ఎక్కి చూసేసరికి స్వర్ణ చీలిన బండ ముందు నిలబడి ఉంది. చీలిక నోటి దగ్గర ఒక పెద్ద తొండ కూర్చుని ఉంది. స్వర్ణ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది.

“అక్కా, దీనికి గుర్తు లేదు” అంది.

వద్దని అరిచాను. ఆమె అప్పటికే కర్ర చాచింది. ఉచ్చు పడింది. తొండ ఒక్క గుంజుడు గుంజి దారంతో సహా చీలికలోకి దూరింది. దారం బిగిసింది. ఇక ఆ పిల్ల చేయబోయేది ఏమిటో నాకు తెలుసు. మాలో ఎవరమైనా అదే చేస్తాం, మాకు నేర్పింది అదే. దారం ఒక చేత్తో పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, కుడి చేయి మోచేతి దాకా లోపలికి పెట్టింది.

నేను పరుగెత్తుకుంటూ పోయి భుజాలు పట్టి వెనక్కి లాగాను. చేయి వెంటనే రాలేదు. లోపల ఇరుక్కున్నట్టు లేదు, లాగితే కాస్త వచ్చి మళ్ళీ లోపలికి పోయింది. రెండోసారి బలమంతా పెట్టి గుంజితే ఇద్దరం వెల్లకిలా పడ్డాం. స్వర్ణ కళ్ళు తెరిచే ఉన్నాయి.

“లోపల మస్తు సల్లగున్నదక్కా” అంది. ఆ మాట అన్నాక కళ్ళు తేలేసింది.

చేయి అటూ ఇటూ తిప్పి చూశాను. కాటు లేదు, గీరుకున్న గుర్తు కూడా లేదు. ఉచ్చు దారం ఆమె వేళ్ళకు చుట్టుకుని ఉంది. దాని కొసన ముడి విప్పి ఉంది. మేం వేసే ముడి గుంజిన కొద్దీ బిగిసేదే తప్ప ఊడేది కాదు.

ఎట్లా కిందికి దించానో నాకు సరిగా గుర్తు లేదు. సగం దూరం వచ్చాక రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు ఎదురొచ్చి పట్టుకున్నారు. ఆ రోజు జీపు మొదటిసారికే స్టార్టయింది. దవాఖానలో డాక్టరు అంతా పరీక్షించి, పాము కాటు కాదు, ఎండదెబ్బ అన్నాడు. సెలైన్ పెట్టారు. సాయంత్రానికి తేరుకుంటుందన్నారు.

సార్ డాక్టరుతో మాట్లాడటానికి బయటికి వెళ్ళినప్పుడు, తలగడ తడిసిందని స్వర్ణ తల కొంచెం ఎత్తి, తువ్వాల తీసి జడ పక్కకు జరిపాను.

మెడ వెనక, సరిగ్గా మేం తొండలకు పెట్టే చోట, మూడు పసుపు చుక్కలు. వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి ఎడమ వైపు చిన్న తోక. వేలు పెడితే అంటుకుంది.

నేను కేక వేయలేదు. నర్సును అడిగి స్పిరిట్ దూది తెచ్చుకుని, చర్మం ఎర్రబడేదాకా తుడిచాను. రంగు పోయింది. సార్ లోపలికి వచ్చి దూది చూశారు, నా మొహం చూశారు. వరండాలోకి తీసుకెళ్ళి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన గోడ పట్టుకున్నారు.

“పిల్లకు చెప్పకు” అన్నారు. నా చేతిలోని దూది తీసుకుని, “మనం దేనికైనా గుర్తు పెట్టి ఎందుకు వదుల్తమో నీకు తెలుసు గదా” అన్నారు.

ఆ తర్వాత ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు.

రెండు రోజులయ్యాక సార్, నేను, యాదగిరి కలిసి గుట్టంతా వెతికాం. ఒక్కదాని మీదా పసుపు లేదు. వేళ్ళ గుర్తులు చూసి, వారం కింద మ్యాపులో ఎక్కించిన తొండలనే పట్టుకున్నాం. అవి కుబుసం విడవలేదు. చర్మం పాతదే, రంగు మాత్రం లేదు. సార్ గుట్ట మీద పని పూర్తిగా ఆపేశారు. స్వర్ణకు చెరువు కప్పల మీద వేరే అంశం ఇచ్చారు. తనకు ఎండలో కళ్ళు తిరిగి పడిపోయానని తప్ప ఏమీ గుర్తు లేదు. గుట్ట ఎందుకు మానిపించారని నాతో కొన్నాళ్ళు అలిగింది కూడా.

ఇన్నేళ్ళలో నేను దీన్ని తిప్పి తిప్పి చూశాను. ఆ పొద్దున తడి రంగున్న తొండలను మేం ముట్టుకోలేదు, కాని ఆమె ఏ బండ మీదైనా చేయి ఆనించి, అదే చేత్తో మెడ తుడుచుకుని ఉండొచ్చు. తుడిస్తే మరక పడుతుంది, వరసగా మూడు చుక్కలు పడవు. ఎవరో మా మీద కక్షతో చేశారనుకుందాం. ఎడమచేత్తో చేశారు, పట్టపగలు చేశారు, అన్ని తొండలకు చేశారు, ఎవరికీ కనబడకుండా చేశారు. చివరికి తువ్వాల కింద, జడ కింద, నా ముందే నడుస్తున్న పిల్ల మెడ మీద చేశారు. ఈ లెక్క నాకు కుదరలేదు. భాస్కర్ మంచివాడు. ఆ గుర్తులు ఇక్కడ ఆగకండి, పొండి అని చెప్పడానికే పెట్టాడని ఒక్కోసారి అనుకుంటాను. మరి ఆ గుర్తు లేని తొండను అక్కడ కూర్చోబెట్టింది ఎవరు? నాకు తెలియదు. తెలుసని నటించలేను.

స్వర్ణ పీహెచ్‌డీ అయింది, మాకు బజ్జీలు తినిపించింది, సార్‌కు నీలం డబ్బీ తిరిగి ఇచ్చింది. ములుగులో కాలేజీలో చెప్పింది, పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు రిటైరైంది. ఇన్నేళ్ళూ ఆమె బతుకు వరంగల్‌కు దూరంగా గడుస్తోందని నేను లోలోపల నిశ్చింతగా ఉన్నాను. వారానికోసారి ఫోన్ చేస్తుంది. నేనింకా జడ వేసిన పిల్లతో మాట్లాడినట్టే మాట్లాడతాను.

మొన్న ఫోన్ చేసి, కొడుకు ఇల్లు కట్టాడని, వచ్చే గురువారం గృహప్రవేశమని చెప్పింది. ఎక్కడ అని అడిగాను. హనుమకొండ వైపే, కొత్త కాలనీలు పడ్డాయి కదా అక్కడ అంది. యూనివర్సిటీ వెనక గుట్టను చాలావరకు కొట్టేశారట. పైన చీలిన బండ ఒకటి మాత్రం ఎవరికీ పగలక మిగిలిపోయిందట. నీడ బాగుందని కొడుకు దాన్ని పెరట్లో అట్లాగే ఉంచుకున్నాడట.

“మనం తొండలు పట్టిన గుట్టే అక్కా” అని నవ్వింది. “యాడ్యాడనో తిరిగి మళ్ళ గాడికే వచ్చిన సూడు.”

లైను కట్టయిందేమోనని రెండుసార్లు హలో అంది. సామాన్లు ఇంకా ఎక్కించలేదు కదా, ఇంకో ఇల్లు చూసుకోవచ్చు కదా అని ఏదో గొణిగాను. పాలు పొంగించడం ఒక్కటే మిగిలిందనీ, తాను పది రోజుల నుంచీ అక్కడే పడుకుంటున్నాననీ చెప్పింది. ఎండాకాలమే అయినా ఆ ఇల్లు చాలా చల్లగా ఉంటుందట.